తాళం పడని ఆస్పత్రి

"నువ్వు ఈ గడప దాటితే మళ్ళీ నన్ను పలకరించబాక" అన్నాడు దేవరాజు.

ఆ మాట అనేసి అతనే గడప దాటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అతని భార్య పుష్పావతి ఇంకా లోపలే ఉంది. మంచం మీద పెట్టిన సంచిలోకి చీరలు సర్దుతోంది. నర్సు దుస్తులు మాత్రం విడిగా, మడత నలగకుండా పైన పెట్టుకుంది.

"సెల్లెలు కానుపుకని పుట్టింటికొచ్చి ఉండాది" అన్నాడు దేవరాజు బయటినుంచే. "ఇంట్లో నర్సుండాదనే గదా దాని అత్తగారోళ్ళు ధైర్యంగా పంపించింది. నువ్వేమో సంచి సర్దుకుంటాండావు."

"నేను తిరణాలకు పోవడంలా. ఉద్యోగానికి పోతాండాను."

"మదనపల్లెలో చేసేది ఉద్యోగం కాదా? పొద్దున బస్సెక్కితే మాపటికి ఇంటికొచ్చేదానివి. ఆ నర్సింగ్ హోమోళ్ళు నిన్నేమైనా పొమ్మన్నారా?"

పుష్పావతి మరో చీర మడత పెట్టింది. ఈ ప్రశ్నకు ఆమె వారం రోజులుగా జవాబు చెబుతూనే ఉంది.

దేశంలో ఏ ప్రభుత్వాస్పత్రికీ రాత్రిపూట తాళం పడకూడదని, ప్రతి పల్లె ఆస్పత్రిలోనూ కాన్పులగది ఉండాలని, డాక్టరూ నర్సులూ ఆ ఆవరణలోనే కాపురముండాలని ఢిల్లీలో చట్టం చేశారు. టీవీలో ఆ వార్త విన్న రోజు ఇంట్లో అందరూ మంచిమాటే అన్నారు. అత్త కెంపమ్మ అయితే, ఇన్నాళ్ళకు ఆడోళ్ళ గోడు ఎవురో విన్నారని చేతులెత్తి మొక్కింది. ఆ చట్టం కింద కొత్త నర్సు పోస్టులు పడ్డాయి. పుష్పావతి పరీక్ష రాసింది. ఉద్యోగం వచ్చింది. కుప్పం దగ్గర పల్లెలో. అక్కడే కాపురముండాలి.

అప్పటినుంచి అది మంచిమాట కాకుండా పోయింది.

కెంపమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రాగిసంగటి కెలుకుతోంది. కోడలితో మాట్లాడటం మానేసి రెండు రోజులైంది. ఏదైనా చెప్పాలంటే కొడుక్కి చెబుతున్నట్టు చెబుతోంది.

"ఊరందరికీ కానుపులు చేస్తాదంట" అంది ఇప్పుడు కూడా కొడుకు వైపు చూసి. "ఇంటి బిడ్డకు మాత్రం పరాయోళ్ళు చెయ్యల్లంట."

"అత్తా, గంగకు మదనపల్లెలో డాక్టరమ్మతో మాట్లాడి పెట్టినా. నా మాదిరే చూసుకుంటాది."

"నీ మాదిరి చూసుకుంటే నువ్వెందుకు?"

పుష్పావతి సంచి మూసింది. దేవరాజు మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాడు. అతని గొంతు ఇందాకటి కన్నా తగ్గింది. తగ్గినప్పుడే అతనికి నిజంగా కోపం వచ్చినట్టని ఆమెకు తెలుసు.

"కుప్పం దగ్గర, కుప్పం దగ్గర అంటాండావు. ఏ ఊరో ఇంతవరకు చెప్పలేదు. యాల?"

పుష్పావతి మంచం అంచున కూర్చుంది. చెప్పక తప్పదని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఈ రోజు వరకు నెట్టుకొచ్చింది.

"ఊటగుట్ట" అంది.

కెంపమ్మ చేతిలో సంగటికట్టె ఆగిపోయింది. దేవరాజు గుమ్మాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొట్టం దగ్గర గడ్డి వేస్తున్న మామ తిమ్మప్పకు కూడా ఆ పేరు వినపడినట్టుంది. ఆయన తల తిప్పి ఇంటివైపు చూశాడు.

ఆ ఇంట్లో ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తరు. అది దేవరాజు చెల్లెలు గంగాదేవి అత్తగారి ఊరు. మొదటి కాన్పుకు గంగాదేవి పుట్టింటికి రాకముందే ఒక సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. అత్తగారింటివాళ్ళు ఆటోలో వేసుకుని ఆ ఊరి ఆస్పత్రికే తీసుకుపోయారు. గేటుకు తాళం వేసి ఉంది. డాక్టరు కుప్పంలో కాపురం, నర్సు ఇంకెక్కడో. అక్కడినుంచి కుప్పం చేరేసరికి బిడ్డ లోపలే పోయింది. మగబిడ్డ.

"ఆ ఊరికా?" అన్నాడు దేవరాజు. "ఆ ఆస్పత్రికా నువ్వు పొయ్యేది?"

"వాళ్ళే ఏశారు. నేను అడగలేదు." అంది పుష్పావతి. "అడక్కపోయినా, తెలిసినాక వద్దనాలని అనిపించలేదు."

సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. కెంపమ్మ కదల్లేదు.

లోపలి గదిలోంచి గంగాదేవి మెల్లగా లేచి వచ్చింది. నెలలు నిండిన మనిషి. గోడ పట్టుకుని నిలబడి అందరి మొహాలూ చూసింది. ఆమె అంతా విన్నదని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

"వదినా, నేనూ వస్తాను" అంది.

"యాడికి?" అంది కెంపమ్మ.

"వదిన యాడికి పోతే ఆడికి."

"మతి పోయిందామ్మే నీకు? ఆ ఊరి పేరెత్తితేనే నాకు ఆ బిడ్డే గుర్తొస్తాది. మళ్ళీ ఆ వాకిటికే పోతావా కానుపుకు?"

"అది నా అత్తగారూరమ్మా. బిడ్డ యాడ పుట్టినా మళ్ళీ ఆ ఊరికే గదా ఎత్తుకోని పోవల్ల. రోజూ ఆ ఆస్పత్రి ముందరే నీళ్ళకు పోవల్ల." గంగాదేవి గోడ వదిలి నిలబడింది. "అప్పుడు ఆడ తాళం సూసినా. ఈసారి వదినను సూడాలని ఉండాది."

దేవరాజు తల అడ్డంగా ఊపాడు. "చట్టం చేసినంత మాత్రాన అంతా మారిపోతాదా? మదనపల్లెలో పెద్ద పెద్ద డాక్టర్లుండారు. కుప్పమోళ్ళే ఈడికి వస్తాండారు. నువ్వు ఈడినుంచి ఆడికి పోతానంటావు."

"మదనపల్లెలో నాకెవురు తెలుసన్నా? నాకు తెలిసిన నర్సు ఒకటే."

దేవరాజు భార్య వైపు తిరిగాడు. "విన్నావు గదా. ఏదన్నా జరిగితే నీదే పూచీ."

"నాదే" అంది పుష్పావతి.

అతను గూట్లోంచి వ్యాన్ తాళాలు తీసుకున్నాడు. మదనపల్లె మండీకి తోలాల్సిన టమోటా లోడు వాకిట్లోనే ఉంది. వ్యాన్ ఎక్కి, వెనక్కి చూడకుండా పోయాడు.

తిమ్మప్ప చేతులకంటిన గడ్డి దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. ఇంట్లో గొడవలైనప్పుడు ఆయన ఆవుల దగ్గరే ఉండిపోతాడు. అలాంటి మనిషి ఇప్పుడు వచ్చి కోడలి సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"పలమనేరు బస్సు పోయేలోగా బయల్దేరండి" అన్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు. "నువ్వూ పో కెంపమ్మా. ఆవుల్ని నేను సూసుకుంటా."

"నేను ఆ ఊర్లో కాలు పెట్టను."

"బిడ్డ పెడతాండాది గదా" అన్నాడు తిమ్మప్ప.

* * *

కెంపమ్మ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. పలమనేరులో బస్సు మారేటప్పుడు మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని దించింది. కుప్పంలో ఆటో ఎక్కేటప్పుడు కూడా పట్టుకుంది. ఊటగుట్ట చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రి పాత గోడలకే కొత్త సున్నం వేశారు. పక్కన కాన్పులగది కొత్తగా కట్టారు. వెనక వరసగా ఇళ్ళు, వాటి ముందు ఆరేసిన బట్టలు. లోపలినుంచి ఒక పొట్టిమనిషి, తెల్లకోటు భుజాన వేసుకుని, ఎదురు వచ్చింది. డాక్టర్ రేష్మ. మదనపల్లెవాళ్ళే.

"పుష్పావతి మీరేనా? రండమ్మా. ఉద్యోగంలో చేరేటప్పుడే పేషెంటును కూడా తెచ్చుకున్నారే" అని నవ్వింది.

కెంపమ్మ నవ్వలేదు.

రేష్మ గంగాదేవిని పరీక్ష చేసింది. చాలాసేపు చేసింది. పాత కాగితాలు చూసింది. మొదటి కాన్పు సంగతి గంగాదేవి చెబుతుంటే మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నది.

"బీపీ కొంచెం ఉండాదమ్మా" అంది చివరికి. "ఇట్లే ఉంటే ఈడే కాన్పు చేస్తాం. పెరిగితే మాత్రం కుప్పం పెద్దాస్పత్రికి పోవల్ల. ఆపరేషన్, రక్తం అన్నీ ఆడుంటాయి. వట్టి చేతులతో పంపించం. అంబులెన్సు బండి ఈడే ఉంటాది. మాలో ఒకరు నీ పక్కనే కూర్చోని వస్తాం."

"అప్పుడుగూడా ఈడ ఆస్పత్రుండాదనే అనుకుంటిమి" అంది కెంపమ్మ. బస్సెక్కినప్పటినుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "గోడలుండాయి, మనుషుల్లేరు. చట్టం చట్టం అంటాండారు. రేపు మళ్ళీ తాళమేస్తే ఆ చట్టాన్ని యాడికి పోయి అడగల్ల మేము?"

రేష్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"నన్ను అడగండి. ఆ వెనక ఇంట్లో ఉంటాను, మా ఆయనా మా అమ్మా గూడా ఈడే. ఇంతకుముందు డాక్టరుకు ఉండేదానికి ఇల్లు లేదు, మందుల్లేవు, తోడు నర్సు లేదు. ఉండమని అడిగే హక్కు ఎవురికీ లేదు. ఇప్పుడు ఇల్లిచ్చినారు. మీకు అడిగే హక్కిచ్చినారు. రెండో డాక్టరు, రెండో నర్సు ఇంకా రాలేదు. వచ్చేదాకా పని మా ఇద్దరి మీదే. అంతవరకు నేను చెప్పగలనమ్మా."

కెంపమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో పుష్పావతికి తెలియలేదు. కెంపమ్మ లేచి, తమకిచ్చిన ఇల్లు ఏదని అడిగింది. లోపలికి పోయి పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసింది. కుళాయి తిప్పి నీళ్ళు వస్తాయో లేదో చూసింది. తర్వాత చీర కొంగు బిగించి గది చిమ్మడం మొదలుపెట్టింది.

* * *

దేవరాజు ఫోన్ చెయ్యలేదు. పుష్పావతి చేస్తే ఎత్తలేదు.

తిమ్మప్ప మాత్రం రోజూ చేసేవాడు. ఆవులు బాగుండాయని చెప్పి, గంగ ఎట్లుండాదని అడిగి పెట్టేసేవాడు. ఒకసారి మాత్రం ఆగి, "వాడు సరిగా తినడంలేదమ్మా" అన్నాడు. పుష్పావతి, "మీరు తింటాండారా మామా?" అని అడిగింది.

ఊళ్ళోనే ఉన్న గంగాదేవి అత్తగారింటివాళ్ళు వచ్చి చూసిపోయారు. భర్త మునిరాజ బెంగుళూరులో పనిచేస్తాడు. ఆదివారం రైల్లో కుప్పం దిగి వచ్చాడు. ఆస్పత్రి గేటు దగ్గర ఆగిపోయాడు. గంగాదేవే ఎదురుపోయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఇద్దరూ కాన్పులగది వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం గంగాదేవి నవ్వడం విని కెంపమ్మ పొయ్యి దగ్గరనుంచి తొంగిచూసింది.

ఆ వారంలోనే కెంపమ్మ కోడలితో మాటలు కలిపింది. "నీకు సంగటి పెట్టేదా, అన్నం పెట్టేదా?" అని అడిగింది. అంతే. పుష్పావతికి అదే చాలు.

గురువారం పొద్దున గంగాదేవి తలనొప్పి అంది. కళ్ళ ముందు మెరుపులు మెరిసినట్టుందని అంది. కాళ్ళు చూస్తే, ముందురోజు లేని వాపు ఉంది. పుష్పావతి బీపీ చూసింది. నమ్మలేక మళ్ళీ చూసింది. రేష్మను పిలిచింది.

రేష్మ మాట్లాడుతూనే పని చేసుకుపోతోంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే ఇంజక్షన్లు వేసింది. బండి డ్రైవరును కేకేసింది. కుప్పం ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ గది సిద్ధం చేయమంది.

"ఇప్పుడే పోవల్ల. పుష్పావతీ, మీరు పక్కనుండండి. దావలో ఫిట్స్ వస్తే..."

ఆ మాట పూర్తికాకముందే గేట్లోకి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగి, లోపల కూర్చున్న పిల్లను దించబోతోంది. ఆ పిల్ల దిగలేకపోతోంది. సీటు రాడ్డు పట్టుకుని మూలుగుతోంది.

పుష్పావతి పరుగెత్తి చూసింది. బిడ్డ తల దగ్గరికి వచ్చేసింది. ఈమెను ఎక్కడికీ పంపే వీల్లేదు.

పెద్దావిడ పేరు ఇందిరమ్మ. కొండకింది పల్లె. పిల్ల ఆమె కూతురు మాధవీలత, తొలికాన్పు. "పుణ్యముంటాదమ్మా, తలుపు తెరిచుండాదని ఎవురో చెప్తే వచ్చినాం" అంది ఇందిరమ్మ.

రేష్మ, పుష్పావతి ఒకరినొకరు చూసుకున్నారు. ఉన్నది ఇద్దరే. ఒకరు బండిలో పోవాలి, ఒకరు ఇక్కడ ఉండాలి.

"దావలో ఫిట్సొస్తే డాక్టరు ఉండాల" అంది పుష్పావతి. ఆ మాట తన నోటినుంచి వచ్చాక గానీ దాని అర్థం ఆమెకు తట్టలేదు. "మీరు పోండి డాక్టరమ్మా. ఈమెను నేను చూసుకుంటా."

స్ట్రెచర్ పక్కన నడుస్తున్న కెంపమ్మ ఆగిపోయింది.

"నువ్వు రావా?"

"అత్తా, ఈ పిల్లను..."

"నువ్వుండావనే గదా నా బిడ్డ ఈడికొచ్చింది. మదనపల్లెలో ఉంటే ఈపాటికి పెద్ద డాక్టర్లు సూసేవాళ్ళు. నువ్వు పక్కన రాకపోతే యాల తెచ్చినావు దీన్ని ఈడికి? నీదే పూచీ అంటివి గదా."

నిజమే. ఆ మాట పుష్పావతే అంది.

స్ట్రెచర్ మీదనుంచి గంగాదేవి చెయ్యి చాపింది. తల్లి చేతికోసం కాదు, వదిన చేతికోసం.

"వదినా, నువ్వు ఉండు."

"గంగా..."

"ఆ పిల్లను సూడు. ఆ పొద్దు నేనుగూడా అట్లే ఆటో రాడ్డు పట్టుకోని ఉంటిని. ఈ గేటు ముందరే." మాట కూడదీసుకోవడానికి ఆమె కళ్ళు మూసుకుంది. "నువ్వు నాతో వస్తే ఈ తలుపు మూసినట్లే గదా. వద్దు. నాకు డాక్టరమ్మ ఉండాది, అమ్మ ఉండాది."

కెంపమ్మ కూతురి మొహం చూసింది, కోడలి మొహం చూసింది. బండి ఎక్కి కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది. రేష్మ ఎక్కి తలుపు వేసింది.

బండి మలుపు తిరిగేదాకా చూడటానికి కూడా పుష్పావతికి వ్యవధి లేదు.

* * *

మాధవీలత భయపడింది. అరిచింది, తనవల్ల కాదంది, అమ్మను పిలిచింది. పుష్పావతి ఆమె భుజం కింద చెయ్యి వేసి, చెవి దగ్గర మాట్లాడుతూనే ఉంది.

"నీవల్ల అవుతాది. నన్ను సూడు. ఊపిరి తీసుకో. ఇప్పుడు గట్టిగా ముక్కు. అట్లే."

మనసులో బండి వెళుతూనే ఉంది. ఇప్పుడు కుప్పం దారిలోని రైలుగేటు దాటి ఉంటారు. గేటు వేసి ఉంటే? ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఆమె మాధవీలత మొహంలోకి చూసింది.

బిడ్డ వచ్చింది. ఆడబిడ్డ. ఏడవలేదు.

ఇందిరమ్మ మూల నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పుష్పావతి బిడ్డను తుడిచింది, వీపు రుద్దింది, నోట్లో ముక్కులో ఉన్న నీరు తీసింది. మళ్ళీ రుద్దింది. కాళ్ళు కదిలాయి. మొహం ముడుచుకుంది. అప్పుడు గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

మాధవీలత తల పైకెత్తడానికి ప్రయత్నించింది. "ఏడస్తాండాదా?"

"ఏడస్తాండాది. ఇదో, నీ బిడ్డ" అని పుష్పావతి బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టింది.

ఆ తర్వాత చెయ్యాల్సిన పనులన్నీ చేసింది. రక్తం ఎక్కువ పోవడం లేదని చూసుకుంది. బిడ్డ తల్లి పాలు తాగింది. ఇందిరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

పుష్పావతి వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఫోన్ తీసేలోగా అదే మోగింది. దేవరాజు.

"ఎత్తినావా" అన్నాడు. "ఎంతసేపటినుంచి చేస్తాండాను."

"కానుపుగదిలో ఉంటిని. గంగకు..."

"తెలుసు. నేను కుప్పంలోనే ఉండాను. ఆస్పత్రిలో."

పుష్పావతికి అర్థం కాలేదు. "నీకెవురు చెప్పినారు? ఇంటికాడనుంచి అప్పుడే ఎట్లొచ్చినావు?"

"అమ్మ చెప్పిందని నాయన ఫోన్ చేసేటప్పటికి నేను దావలోనే ఉంటిని." అన్నాడు దేవరాజు. "నీకాడికే వస్తాంటిని. కోపం పెట్టుకోని ఎన్నాళ్ళుండేది. గంగను లోపలికి తీసుకుపోయినారు. ఆపరేషనంట. దావలో ఫిట్స్ రాలేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంజక్షన్ సరైన టైముకు వేసినారంట. రక్తం కావల్లంటే నేనుండానని చెప్పినా. మునిరాజ రైలెక్కినాడు."

"అత్త ఎట్లుండాది?"

"బెంచీ మీద కూచోనుండాది. నీ గురించే అడిగింది. ఆ పిల్లకు కానుపయ్యిందేమో కనుక్కోమనింది."

పుష్పావతి కాన్పులగది వైపు చూసింది. "అయ్యింది. ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు. నేను వచ్చేదా? ఆటో ఉండాది ఈడ..."

"వద్దు" అన్నాడు దేవరాజు. ఆమె మీద చెయ్యి వేసి ఆపినట్టుగా, మెల్లగా అన్నాడు. "నువ్వు ఆడే ఉండు. నువ్వొచ్చేస్తే ఆ తల్లీబిడ్డకు ఎవురుండేది? ఈడ నేను చూసుకుంటా."

ఫోన్‌లో ఆస్పత్రి వసారా చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. చక్రాల బండి ఏదో పోతోంది. ఆ చప్పుళ్ళ మధ్య కెంపమ్మ గొంతు, "దేవరాజూ" అని.

"ఉండు పుష్పా. తలుపు తీసినారు. డాక్టరమ్మ బయటికి వస్తాండాది."

అతను ఫోన్ పెట్టేయలేదు. చేతిలో పట్టుకుని నడుస్తున్నట్టున్నాడు. అడుగుల చప్పుడు, బట్టల రాపిడి తప్ప ఏమీ వినపడటం లేదు.

"ఏమనింది?" అంది పుష్పావతి. "నిన్నే, ఏమనింది?"

ఫోన్‌లో ఎక్కడో దూరంగా ఒక పసిబిడ్డ ఏడ్చింది. అది పెద్దాస్పత్రి, పక్కపక్క గదుల్లో ఎందరో బిడ్డలు పుడుతుంటారు. పుష్పావతి మెట్టు మీదనుంచి లేచి నిలబడి, ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.